అవ్వ అడిగిన గడి

ఈసారి గోడపత్రికకి అందరూ కవితలే ఇస్తున్నారు, ఎవరైనా ఒక వ్యాసం రాయండమ్మా అని మేడమ్ క్లాసులో అడిగారు. నేను చెయ్యెత్తాను. విషయం ఏంటంటే గ్రైండర్. వెనక బెంచీ వాళ్ళు అప్పుడే నవ్వేశారు కాబట్టి ఇప్పుడు మళ్ళీ నవ్వక్కర్లేదు. నిజానికి ఇది గ్రైండర్ గురించి కూడా కాదు. ఆన్‌లైన్ షాపుల్లో రెండు మూడు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి చూపించే పోలికల పేజీ ఉంటుంది కదా, దాని గురించి. ఆ పేజీ చూసి నేను చేసిన ఒక తప్పు గురించి కూడా.

మాది వ్యాసర్‌పాడి. అమ్మ తెలుగు, అప్పా తమిళం. అమ్మని కన్న అవ్వ మాతోనే ఉంటుంది. అవ్వ శనివారం సాయంత్రం ఇడ్లీ పిండి రుబ్బి మా వీధిలో ఎనిమిది ఇళ్ళకి అమ్ముతుంది. ఆ డబ్బు పూర్తిగా అవ్వదే, ఎవరూ లెక్క అడగరు. ఇన్నాళ్ళూ ఆ పిండి రుబ్బింది 2011లో ప్రభుత్వం మిక్సీ, గ్రైండర్, ఫ్యాను ఉచితంగా పంచే పథకం పెట్టింది చూడండి, అప్పుడు వచ్చిన గ్రైండర్. రెండుసార్లు బెల్టు మార్చాం. పోయిన డిసెంబరులో మోటారు కాలిపోయింది. బాగు చేయించడం దండగ అని మెకానిక్ అన్నాడు.

అవ్వ చీటీ డబ్బు ఆరు వేలు నా చేతిలో పెట్టింది. ఉస్మాన్ రోడ్డుకి పోయి చూసి కొందామంది. నేనే, "ఎందుకవ్వా, ఆన్‌లైన్‌లో అన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూడొచ్చు, అక్కడికన్నా తక్కువకి వస్తుంది" అన్నాను. మూడు గ్రైండర్లు ఎంచుకుని, పోల్చే పేజీలో పెట్టి, ఒక రాత్రంతా చూసి, ఒకటి ఆర్డర్ చేశాను. నాలుగు రోజుల్లో పెట్టె వచ్చింది. ధనుర్మాసంలో కొత్త వస్తువు వాడకూడదు, సంక్రాంతి పోనీ అని అవ్వ పెట్టె విప్పనివ్వలేదు. పండగ అయ్యాక విప్పి పిండి రుబ్బాం. పిండి చాలా బాగా వచ్చింది. తర్వాత రాళ్ళు తీసేసి, పిండి ఉన్న డ్రమ్ము పైకెత్తబోయింది అవ్వ. సగం దాకా లేపి కింద పెట్టేసింది. కుడి మణికట్టు మూడేళ్ళ క్రితం విరిగి అతుక్కున్న చెయ్యి అది.

"ఏమే, దీన్ని నేనెట్ల ఎత్తేది?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

వాపసు ఇవ్వడానికి ఏడు రోజుల గడువు. అది ధనుర్మాసంలోనే అయిపోయింది. అసలు బాధ ఏంటంటే, నేను పోల్చిన మూడింట్లో ఒకటి వంచే రకం. డ్రమ్ము ఎత్తే పనే లేదు, పిడి పట్టుకుని ముందుకి వంచితే పిండి గిన్నెలోకి దిగుతుంది. అది నా కళ్ళ ముందే ఉంది. మూడు వందల యాభై రూపాయలే ఎక్కువ. నేను చూడలేదు.

ఎందుకు చూడలేదు అని తర్వాత చాలాసార్లు ఆ పేజీకే వెళ్ళి చూశాను. ఈ సెమిస్టర్ స్కిల్ కోర్సులో, మీరు వాడే ఏదైనా ఒక వెబ్ పేజీని కాగితం మీద తిరిగి గీయండి అని పని ఇచ్చారు. మిగతావాళ్ళు బస్సు టికెట్లు, హోటల్ మెనూలు తీసుకున్నారు. నేను ఈ పేజీ తీసుకున్నాను.

ముందు లెక్కపెట్టాను. మూడు గ్రైండర్లకి కలిపి ఆ పట్టికలో 34 అడ్డ వరుసలు ఉన్నాయి. వాటిలో 19 వరుసల్లో మూడింటికీ ఒకే జవాబు: 230 వోల్టులు, రెండు లీటర్లు, స్టెయిన్‌లెస్ స్టీల్ డ్రమ్ము, ఇలా. ఇంకో ఆరు వరుసల్లో కనీసం ఒక గడి ఖాళీ, చిన్న గీత పెట్టి వదిలేశారు. మిగిలిన తొమ్మిదిలో మోడల్ నంబరు, రంగు, పెట్టె కొలతలు లాంటివి తీసేస్తే పనికొచ్చేవి నాలుగు: ధర, వారంటీ, మోటారు వాట్లు, రాళ్ళ సంఖ్య. ముప్ఫై నాలుగు వరుసలు కిందకి జరుపుకుంటూ పోతే నాలుగు తేడాలు దొరికాయన్నమాట.

మరి వంచే రకం అన్న సంగతి ఎక్కడుంది? వస్తువు పేరులో ఉంది. పేరు చాలా పొడుగు. కంపెనీ పేరు, లీటర్లు, వాట్లు, రంగు, రాళ్ళు అన్నీ చెప్పి, చివర్న 'టిల్టింగ్' అని. ఫోన్‌లో పోల్చే పేజీకి వచ్చేసరికి పేరు రెండు లైన్లే పడుతుంది, తర్వాత మూడు చుక్కలు. మా అవ్వ మణికట్టుకి అవసరమైన ఒక్క మాట ఆ మూడు చుక్కల వెనక ఉండిపోయింది.

బరువు కూడా ఉంది, లేకపోలేదు. ఒకదానికి 11.5 కిలోలు, రెండోదానికి 14000 గ్రాములు, మూడోదానికి గీత. అది మొత్తం యంత్రం బరువా, అట్టపెట్టెతో కలిపా, చెప్పలేదు. అయినా అవ్వ మొత్తం యంత్రాన్ని ఎత్తదు కదా. అది గట్టు మీద ఒకసారి పెడితే అక్కడే ఉంటుంది. ఎత్తాల్సింది డ్రమ్ము. ఆ బరువుకి అసలు గడే లేదు.

ఇక్కడ నాకు మన అలంకారాల క్లాసు గుర్తొచ్చింది. ఉపమకి నాలుగు కావాలని చదువుకున్నాం: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ముఖాన్ని చంద్రుడితో పోలిస్తే ముఖం, చంద్రుడు, అందం, 'లా' అనే మాట. సమానధర్మం అంటే రెండింటినీ ఏ గుణం దగ్గర కలుపుతున్నామో అది. షాపు పట్టికలో పక్కపక్కన మూడు వస్తువులున్నాయి, కానీ ఏ గుణం దగ్గర కలపాలో నిర్ణయించింది తయారుచేసినవాళ్ళు. కంపెనీ ఫ్యాక్టరీలో ఒక ఫారం నింపుతుంది, షాపు ఆ ఫారంలోని గడుల్నే పట్టికగా వేసేస్తుంది. కొనేవాళ్ళు ఏం అడుగుతారు అన్నది ఆ ఫారంలో ఎక్కడా లేదు. అందుకే మోటారు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో ఉంటుంది, పిండి తీసేటప్పుడు ఏం ఎత్తాలో ఉండదు.

మనుషులు నిజంగా ఎలా ఎంచుకుంటారు అన్నదాని మీద చాలా పరిశోధనే ఉంది. అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో ఒక పద్ధతి గురించి రాశాడు. మనం అన్ని గుణాలకీ మార్కులు వేసి కూడి చూడం. ఒక ముఖ్యమైన గుణం తీసుకుని, అది లేనివాటిని పక్కన పారేస్తాం. తర్వాత ఇంకో గుణం, మళ్ళీ కొన్ని పోతాయి. చివరికి మిగిలింది కొంటాం. పెళ్ళి చూపుల్లో మా పెద్దవాళ్ళు చేసేది అచ్చం ఇదే, కానీ ఆ వ్యాసం వేరే సంచికకి. కూరల బండి దగ్గర అవ్వని చూడండి. ముందు పుచ్చు వంకాయలు తీసేస్తుంది. తర్వాత ముదురువి. తర్వాతే ధర. ఆమెని గ్రైండర్ల షాపుకి తీసుకెళ్ళి ఉంటే మొదటి మాట "నేను ఎత్తలేంది వద్దు" అనేది. ఒక్క మాటతో రెండు గ్రైండర్లు పోయేవి. పోలికల పేజీ మాత్రం ఆ మొదటి ప్రశ్న అడగనే అడగదు. అన్నీ ఒకేసారి ముందు పోస్తుంది.

ఇంకొకటి. జార్జ్ మిల్లర్ అనే ఆయన 1956లో రాసిన వ్యాసం చాలా పేరుపొందింది. మనిషి ఒకేసారి మనసులో పట్టుకోగల సంగతులు ఏడు, లేదా దానికి ఒకటి రెండు అటూ ఇటూ అంటాడు. పట్టిక అనేది పుట్టిందే ఆ బరువు దింపడానికి. మనం గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా కాగితమే గుర్తుపెట్టుకుంటుంది. కానీ ఫోన్‌లో రెండు నిలువు వరుసలే పడతాయి. మూడోది చూడాలంటే పక్కకి జరపాలి. జరిపితే ఎడమవైపు ఉన్న గుణాల పేర్లు మాయమవుతాయి. 'రెండు సంవత్సరాలు' అని కనిపిస్తుంది. దేనికి రెండు సంవత్సరాలు, మోటారుకా, రాళ్ళకా, మొత్తానికా? మళ్ళీ వెనక్కి జరపాలి. అంటే పట్టిక చేయాల్సిన పని మళ్ళీ మన తల మీదకే వచ్చింది. మన హాస్టల్‌లో ఐదుగురికి ఆ పేజీ చూపించి రెండు ప్రశ్నలు అడిగాను. నలుగురు నోట్‌బుక్ తీసి పక్కన రాసుకోవడం మొదలుపెట్టారు. షాపు పేజీ చూడ్డానికి నోట్‌బుక్ కావాల్సి వచ్చిందంటే ఇంక చెప్పేదేముంది.

నాలుగో నిలువు వరుస సంగతి కూడా చెప్పాలి. నేను ఎంచుకున్న మూడింటి పక్కన ఆ పేజీ తనంతట తనే నాలుగోది ఒకటి చేర్చింది, 'ఇలాంటివి' అని. అది నేను కొన్నదానిలాగే ఉంది. ధర తొమ్మిది వందలు ఎక్కువ, వారంటీ తక్కువ. దాన్ని ఎవరూ కొనరు. కానీ దాని పక్కన నాది బంగారంలా కనిపించింది. జోయెల్ హ్యూబర్, జాన్ పేన్, క్రిస్టఫర్ ప్యూటో అనే ముగ్గురు 1982లో దీన్ని ప్రయోగాలతో చూపించారు: ఒక వస్తువు కంటే అన్నిట్లోనూ తక్కువైన ఇంకోదాన్ని పక్కన పెడితే, జనం మొదటిదాని వైపు ఎక్కువ మొగ్గుతారు. మా విషయంలో షాపు కావాలనే చేసిందని నేను అనను. కంప్యూటర్ ఏదో లెక్కతో తెచ్చి పెట్టి ఉండొచ్చు. నా మీద అది పనిచేసిందని మాత్రం ఒప్పుకుంటాను.

మరి మంచి పోలిక ఎలా ఉంటుంది? దానికి ఉదాహరణ మన ఇళ్ళల్లోనే ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు 2006లో మొదలుపెట్టిన నక్షత్రాల లేబుల్. ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు, వాటి కింద ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు తింటుందో ఒక అంకె. ఏ కంపెనీ ఫ్రిజ్ అయినా ఒకే పరీక్ష, ఒకే కొలమానం. చదువు రాకపోయినా నక్షత్రాలు లెక్కపెట్టొచ్చు, లెక్కలు వస్తే యూనిట్లని కరెంటు రేటుతో గుణించుకోవచ్చు. ఒకే కాగితం ఇద్దరికీ పనికొస్తుంది. కొన్నేళ్ళకోసారి నక్షత్రాల నియమాలు కఠినం చేస్తారు కాబట్టి పాత ఐదు నక్షత్రాలు, కొత్త ఐదు నక్షత్రాలు ఒకటి కావు. అందుకే లేబుల్ మీద కాలం కూడా వేస్తారు. అది చూడకుండా పోలిస్తే మళ్ళీ తప్పే.

నేను గీసిన పేజీ పక్కన చార్టు మీద అంటించాను. దాని గురించి కొంచెం చెప్తాను.

పేజీ తెరవగానే పట్టిక రాదు. ఒక ప్రశ్న వస్తుంది: "మీకు కుదరనిది ఏది?" కింద మాటలు: ఎక్కువ బరువు ఎత్తలేం, గట్టు మీద చోటు తక్కువ, శబ్దం పడదు, ధర ఇంత దాటకూడదు. ఒకటి నొక్కితే దానికి సరిపోనివి మసకబారతాయి. పోవు, మసకగా అక్కడే ఉంటాయి. పూర్తిగా తీసేస్తే ఎందుకు పోయిందో తెలీదు కాబట్టి అలా పెట్టాను. తర్వాతే పట్టిక. అందులో తేడాలు మాత్రమే ఉంటాయి. మూడింటికీ ఒకటే అయినవి కింద ఒక మడతలో, కావాలంటే విప్పుకోవచ్చు. గుణాల పేర్లున్న ఎడమ వరుస, వస్తువుల పేర్లున్న పై వరుస ఎంత జరిపినా కదలవు. పేరుకి మూడు చుక్కలు పెట్టడం నిషేధం. పేరు పొడుగైతే రకాన్ని ముందు చెప్పాలి, రంగు తర్వాత. బరువులన్నీ కిలోల్లోనే. ఖాళీ గడిలో గీత ఉండదు, 'కంపెనీ చెప్పలేదు' అని రాసి ఉంటుంది. గీత చూస్తే లేదేమో అనుకుంటాం. 'చెప్పలేదు' అని చూస్తే అడగాలనిపిస్తుంది. షాపు తనంతట తను చేర్చిన వస్తువు పట్టిక లోపలికి రాకూడదు, దిగువన విడిగా ఉండాలి. డబ్బు తీసుకుని పెట్టిందైతే ప్రకటన అని రాయాలి. ఇది నా కోరిక ఒక్కటే కాదు. 2023లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో కొనేవాళ్ళని తప్పుదారి పట్టించే 13 రకాల పేజీ ఎత్తుల్ని పేర్కొన్నారు. ప్రకటనని ప్రకటన కానట్టు చూపించడం అందులో ఒకటి. అలాగే 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, వస్తువుల్ని ఏ ప్రాతిపదికన పైనా కిందా పేరుస్తున్నారో షాపు వివరించాలి. ఆ వివరణ ఏ మూలన ఉంటుందో ఒకసారి వెతికి చూడండి, మంచి వ్యాయామం.

గీసింది తీసుకెళ్ళి అవ్వకి చూపించాను. గొప్పగా ఉంటుందనుకున్నాను. 'ఎత్తాల్సిన బరువు: 9 కిలోలు' అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆ తొమ్మిది ఎలా వచ్చిందంటే, పిండితో ఉన్న డ్రమ్ముని వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. కొట్టు అన్నకి థాంక్స్, పిండి కొంచెం ఆయన కాటా మీద పడింది. అవ్వ ఆ గడి చదివింది. చదివి, "తొమ్మిది కిలోలంటే ఎంత? బిందె కంటే బరువా?" అంది.

నా పేజీ అక్కడ ఓడిపోయింది. అవ్వకి కిలోలు తెలుసు, బియ్యం కిలోల్లోనే కొంటుంది. కానీ చేతికి తెలిసిన బరువు బిందె. నీళ్ళ లారీ దగ్గర్నుంచి ముప్ఫై ఏళ్ళు కుడం మోసిన చెయ్యి. (మా ఇంట్లో రెండు మాటలూ వాడతాం, మీరు ఏది అర్థమైతే అది చదవండి.) లీటరు నీళ్ళంటే కిలో. మా కుడం పదిహేను లీటర్లది. "దానికి సగానికి కొంచెం ఎక్కువ అవ్వా" అన్నాను. "సగం బిందె ఇప్పుడు కూడా ఎత్తను నేను" అంది వెంటనే. అంత స్పష్టమైన జవాబు నాకు ఆ ముప్ఫై నాలుగు వరుసల్లో దొరకలేదు. ఉపమేయం, సమానధర్మం నేను పెట్టాను. ఉపమానం మాత్రం అవ్వ దగ్గరే ఉంది. రెండోసారి గీసినప్పుడు 9 కిలోల పక్కన సగానికి పైగా నిండిన కుడం బొమ్మ వేశాను. అది చూసి మా పక్కింటి అక్క కూడా, "అయ్యో, నాకైతే పర్లేదు, అమ్మకైతే వద్దు" అంది. ఆమె నన్నేమీ అడగకుండానే.

మాటల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. పట్టికలో 'స్టోన్ టైప్: కోనికల్' అని ఉంది. అవ్వ దాన్ని పొత్రం అంటుంది, రుబ్బురోలు కాలం నుంచి వచ్చిన మాట. అప్పా కుళవి అంటారు. అమ్మ ఉత్తినే రాయి అంటుంది. షాపులో భాష మార్చుకునే బటన్ ఉంది, తెలుగు పెట్టి చూశాను. 'రాతి రకం: శంఖాకార' అని వచ్చింది. ఆ మాట చూసి అవ్వ పూజగదిలో శంఖం వైపు చూసింది. అనువాదం తప్పు కాదు, పాఠ్యపుస్తకంలో అలాగే ఉంటుంది. ఇంట్లో ఎవరూ అలా అనరు, అంతే. 1950లలో కోయంబత్తూరులో పుట్టి, ఆ ఊరి పేరుతో భౌగోళిక సూచిక గుర్తింపు కూడా తెచ్చుకున్న యంత్రం ఇది. దీని భాగాలకి ఇక్కడి మాటలు లేక కాదు, ఫారం నింపినవాళ్ళు అడగలేదు.

గడిలో పట్టనివి కూడా ఉన్నాయి. పిండి అయిందా లేదా అన్నది అవ్వ వేళ్ళ మధ్య రాసి చూసి చెప్తుంది. మిక్సీలో పిండి వేడెక్కుతుంది, గ్రైండర్లో నిదానంగా తిరిగి చల్లగా ఉండి మినప్పిండి పొంగుతుంది. ఏ గ్రైండర్లో ఎంత పొంగుతుందో చెప్పే అంకె నాకు ఎక్కడా కనపడలేదు. కొన్నవాళ్ళ అభిప్రాయాల్లో వెతకాలి. అక్కడ 4.1 చుక్కలు, 4.2 చుక్కలు అని ఉంటుంది, 'డెలివరీ ఆలస్యం' అన్నవాళ్ళ ఒక చుక్కా అందులోనే కలిసిపోతుంది. ఆన్‌లైన్ అభిప్రాయాలకి బీఐఎస్ వాళ్ళు 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చారు. అభిప్రాయాలు ఎలా సేకరించాలి, ఎలా సరిచూడాలి, ఎలా ప్రచురించాలి అని అందులో ఉంది. నేనైతే వాటిని కూడా ప్రశ్నల కింద విడగొడతాను: ఎత్తడం గురించి ఎవరేమన్నారు, కడగడం గురించి ఎవరేమన్నారు. ఆ భాగం చార్టులో సగమే అయింది, పరీక్షలొచ్చేశాయి.

ఇప్పుడు శనివారాలు డ్రమ్ము ఎత్తేది నేను. అందుకే శనివారం స్పెషల్ క్లాసుకి నాలుగింటికే బయల్దేరుతున్నాను, మేడమ్‌కి ఈ కారణం ఇంతకు ముందే చెప్పి ఉండాల్సింది. వచ్చే చీటీ ఎత్తాక దీన్ని అత్తకి ఇచ్చేసి వంచే రకం కొందామని అవ్వ అంటోంది. ఈసారి ఉస్మాన్ రోడ్డుకి వెళ్ళి, పిడి పట్టుకుని వంచి చూశాకే అట.

చార్టు కింద దారం కట్టి ఒక పెన్సిల్ వేలాడదీశాను. 'స్టోన్ టైప్' అన్న గడి పక్కన ఖాళీ వదిలాను. మీ ఇంట్లో ఆ రాయిని ఏమంటారో, ఏ భాషలో అయినా సరే, మన లిపిలో అక్కడ రాయండి. పెన్సిల్ తీసుకెళ్ళకండి.